పుచ్చిన వంతెన

బడి బస్సు సగం ఖాళీగా పోతుంది. ఆ ఖాళీలో ఈ పిల్లకి చోటు లేదు. లేకుండా చేసినవాడు కొలతచక్రం మనిషి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అతను వచ్చింది బుధవారం. ఆ రోజు పొద్దున వడ్రంగి తలుపు చెక్కకి చిత్రిక పడుతూ, మలుపు దగ్గర హారన్ వినబడగానే ఆపాడు. మనవరాలు అప్పటికే గడపలో నిలబడి ఉంది. సంచీ భుజానికి తగిలించుకుని, జడలు ముందుకి వేసుకుని, నిజంగా ఎక్కబోయేదాని లాగే. ఇంటి ముందు రోడ్డు మీద ఒక గతుకు ఉంది. అక్కడికి వచ్చేసరికి ఏ బండి అయినా వేగం తగ్గిస్తుంది. బస్సు కూడా తగ్గింది. పిల్ల మడమలు నేల నుంచి లేచాయి. కిటికీలో ఆమె స్నేహితురాలు అద్దం మీద ఊపిరి ఊది వేలితో ఏదో రాసింది. గతుకు దాటింది. బస్సు వెళ్ళిపోయింది. మడమలు కిందికి దిగాయి.

"ఏం రాసిందే?" అన్నాడు తాత.

"ఏమో తాతా. లోపలి నుంచి రాస్తే మనకి తిరగబడి కనిపిస్తుంది. కూడబలుక్కునేలోపే బస్సు పోతుంది." పిల్ల సంచీ దించలేదు. "ఈరోజు కొలుస్తారుగా. కొలిచాక నేను కూడా లోపలే ఉంటాను. అప్పుడు తిన్నగానే కనిపిస్తుంది."

బడికి మూడు కిలోమీటర్లు దాటిన ఇళ్ళ పిల్లలకే బస్సు. అది రూలు. దూరం అంటే మనిషి నడవగలిగిన దగ్గరి దారి. అదీ రూలే. రోడ్డు కాలువ పొడుగునా పోయి, లాకుల దగ్గర కాలువ దాటి చుట్టు తిరిగి, అవతలి గట్టున బడికి చేరుతుంది. ఆ లెక్కన ఇల్లు హద్దుకి బాగా బయటే ఉంది. ఇంటి వెనక కాలువ మీద కర్రవంతెన దాటి, మూతబడిన మిల్లు గోడ వెంట నడిస్తే మాత్రం హద్దు లోపలే. ఆ గోడ మీద పనీపాటా లేని కుర్రాళ్ళు కూర్చుంటారు. పోయిన నెల ఒకడు పిల్ల సంచీ లాక్కుని, పేరు చెబితేనే ఇస్తానని చాలాసేపు నిలబెట్టాడు. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ ఒంటరిగా పంపడం మానేసింది. తాత తోడు వెళ్ళాడు. నాలుగు రోజులకి మోకాలు కుండలా ఉబ్బింది. పిల్ల ఒక రోజు బడిలో ఉంటే రెండు రోజులు ఇంట్లో ఉంటోంది. హాజరు చాలకపోతే పరీక్షకి కూర్చోనివ్వనని హెడ్మాస్టరమ్మ కబురు పంపింది.

మధ్యాహ్నం అతను వచ్చాడు. బక్కపల్చటి మనిషి. చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర చక్రం. గడప దగ్గర చక్రం ఆనించి, అంకెలు సున్నాకి తిప్పుకుని, మర్యాదగానే అడిగాడు.

"ఏ దారిన వెళ్తుంది పెద్దాయనా మీ పాప?"

"రోడ్డున."

అతను రోడ్డు వైపు రెండడుగులు వేసి ఆగాడు. ఇంటికీ దడికీ మధ్య సందులోంచి కాలువ కనబడుతోంది.

"అదేంటి, వంతెనలా ఉంది?"

"లా ఏమిటి బాబూ, వంతెనే."

"ఎవరు వేయించారు?"

"వేయించడమేంటి, నేనే వేశాను."

అతను దడి దాటి గట్టు మీదికి వచ్చి, ఒక కాలు పలక మీద పెట్టి, వెనక్కి తీసుకున్నాడు.

"మనుషులు నడుస్తారా దీని మీద? ఊగుతుందేమో."

ఆ మాటతో వడ్రంగి మెడ నిటారుగా లేచింది.

"ఊగడమా! ఏనుగు నడిచినా కదలదు. ఒక్క ఇనుపమేకు లేదు ఇందులో. అన్నీ బెజ్జాలూ కొయ్యచీలలూ. దూలాలు చూడండి, నిలువునా చేవే. రండి, రండి, భయపడకండి." వాచిన మోకాలితోనే నడిమికి వెళ్ళి రెండు కాళ్ళ మీదా ఎగిరి దూకాడు. కింద నీళ్ళు కదిలాయి గాని వంతెన కదలలేదు. "చూశారా?"

"చూశాను," అన్నాడు అతను. చక్రం పలకల మీదికి ఎక్కించాడు.

మట్టి మీద గరగరలాడిన చక్రం పలకల మీద మెత్తగా దొర్లింది. అతుకుల దగ్గర కూడా ఎగరలేదు. వడ్రంగి ఆ చప్పుడు వింటూ పక్కనే నడిచాడు. ఏ పలక ఎక్కడి నుంచి తెచ్చాడో, చీలలకి ఎలాంటి కర్ర వాడాలో చెబుతూ నడిచాడు. అతను తల ఊపుతూ నడిచాడు. మిల్లు గోడ దగ్గరికి వచ్చాక గాని వడ్రంగికి తను ఎవరిని ఎక్కడికి తీసుకొచ్చాడో తట్టలేదు. అక్కడ ఆగిపోయాడు. చక్రం ఆగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అతను నుదురు తుడుచుకుంటూ, "దారి ఉందిగా పెద్దాయనా. మంచి దారి," అన్నాడు.

"అది దారి కాదు. ఏదో ఇంటి అవసరానికి వేసుకున్నది."

"నడవగలిగితే దారే. రూలు నేను రాయలేదు."

"కొలిచింది నువ్వేగా."

అతను చక్రానికి అంటిన మట్టిని గడ్డికి రుద్ది, బండి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కోడలు షెడ్డు నుంచి వచ్చింది. పెట్టెలు సర్దే షెడ్డు అది. అట్టల అంచులు కోసి ఆమె వేళ్ళకి ఎప్పుడూ సన్నని గీతలు ఉంటాయి. మొగుడు లారీ మీద వెళితే నెలకి ఒకసారి వస్తాడు. ఆమె చెప్పులు విడవకుండానే విషయం అంతా విని అడిగింది.

"వంతెన ఉందని ఎవరు చెప్పమన్నారు మామయ్యా?"

"ఎవరు చెప్పాలి? కళ్ళకి కనబడుతోంది."

"ఊగుతుంది, పిల్లలు నడవలేరు అనుంటే పోయేది."

"ఊగుతుందా అది?"

"ఊగదు."

"మరి?"

"మరేముంది. మీ వంతెన ఊగదు, నా కూతురు బడికి వెళ్ళదు." ఆమె అప్పుడు చెప్పులు విడిచింది. "మా సూపర్వైజరు చెప్పాడు, పెట్టెలకి టేపు వేయడానికి చిన్నపిల్లలైనా పర్లేదట. ఆదివారం తీసుకెళ్ళి చూపిస్తాను. ఇక్కడ ఇంట్లో కూర్చుని రోడ్డు చూసేకంటే నా కళ్ళ ముందు ఉంటుంది."

పెరట్లో పిల్ల కంచం కడుగుతోంది. కడగడం అయిపోయినా నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"నీళ్ళు ఆపవే," అంది తల్లి.

ఆగింది.

గురువారం, శుక్రవారం పిల్ల గడపలోకి రాలేదు. గతుకు దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు లోపలి గదిలో పుస్తకం పేజీ తిప్పే చప్పుడు మాత్రం ఆగింది.

వడ్రంగి పనిబల్ల కాలువ వైపు తిరిగి ఉంటుంది. అది అలా వేసింది వెలుతురు కోసమని అందరితో అంటాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన భార్య, బడి వదిలాక గదులు ఊడ్చి, ఆ వంతెన మీదుగానే వచ్చేది. నడిమికి వచ్చి ఆగేది. సంచీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, ఎడమ చెయ్యి పట్టుకర్ర మీద వేసి, "పొయ్యి ముట్టించావా?" అని అక్కడి నుంచే కేక వేసేది.

"నువ్వొచ్చి ముట్టించు!"

"అయితే రాను, ఇక్కడే ఉంటా."

"ఉండు. చేపలకి వండిపెట్టు."

రోజూ అదే మాట. ఒక్క రోజైనా ముట్టించి ఉంటే ఏం పోయేది. పట్టుకర్ర మీద ఆ చోట చిన్న పల్లం పడింది. పలకలు ఎన్నిసార్లు బాగుచేసినా ఆయన ఆ కర్రకి చిత్రిక పట్టలేదు. ఆ వేళ అయ్యేసరికి చేతిలో పని ఏదున్నా కళ్ళు అటు పోతాయి. వంతెన ఖాళీగా ఉంటుంది. ఎవరో ఇప్పుడే దాటి వెళ్ళినట్టో, ఇంకాసేపట్లో దాటబోతున్నట్టో ఉంటుంది. అది చాలు ఆయనకి.

శనివారం పాలాయన క్యాన్లు మోసుకుని వంతెన దాటి వచ్చాడు. అవతలి గట్టు ఇళ్ళకి రోజూ పాలు పోసి ఈ దారినే తిరిగివస్తాడు. బల్ల దగ్గర ఆగి బీడీ ముట్టించుకున్నాడు.

"విన్నాలే మేస్త్రీ. కొలతాయన్ని చెయ్యి పట్టుకుని మరీ దాటించావట."

"పోరా."

"నేనైతే కాలువలో మొసలి ఉందని చెప్పేవాణ్ణి." తన మాటకి తనే నవ్వాడు. "అది ఏ గాలివానకో కొట్టుకుపోతే నీ మనవరాలికి బస్సొచ్చేది. కానీ అది పోదుగా! నీ చెయ్యి పడ్డాక ఇంకేం పోతుంది. అదే చిక్కు."

వడ్రంగి ఉలికి పదును పెడుతున్నాడు. పెడుతూనే ఉన్నాడు. పాలాయన వెళ్ళాక చూసుకుంటే అంచు కావలసిన దానికంటే సన్నబడింది.

ఆదివారం కోడలు పిల్లని తీసుకుని షెడ్డుకి బయల్దేరింది. పిల్ల బడి బట్టలు వేసుకుంది. మార్చుకోమంటే, ఉన్నవాటిలో మంచివి ఇవే కదమ్మా అంది.

ఎండ నడినెత్తిన ఉంది. గట్టు మీద పురుగు లేదు. వడ్రంగి కొయ్యసుత్తి తీసుకుని వంతెన కిందికి దిగాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మొదటి చీలకి కింది నుంచి రెండు దెబ్బలు వేశాడు. చీల పైకి వచ్చింది. నున్నగా, నిన్న చెక్కినట్టు ఉంది. రెండోదీ అలాగే వచ్చింది. మూడోదానికి సుత్తి ఎత్తి ఆగాడు. ఇలా విప్పితే పలకకి పలక, దూలానికి దూలం గట్టు మీద వరసగా పేరుతాయి. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది ఎవరో విప్పారని. రంపం పెడితే కోత కనబడుతుంది. ఇది దానంతట అది పోయినట్టు ఉండాలి. అంటే విరగాలి.

చీలలు రెండూ మళ్ళీ దిగ్గొట్టి, ఇంట్లోకి వెళ్ళి గునపం, సమ్మెట, గొడ్డలి తెచ్చాడు.

విరగలేదు. దూలం మీద సమ్మెట వేస్తే సమ్మెటే ఎగిరి వచ్చింది. గొడ్డలి తిరగేసి మొద్దు వైపుతో కొట్టాడు. బెజ్జంలో గునపం దూర్చి బరువంతా వేశాడు. గునపం వంగింది. ఎక్కడ బలం ఉందో ఆయనకి తెలుసు, పెట్టింది తనే. ఎక్కడ బలహీనంగా ఉందో వెతికాడు. కనబడలేదు. నీళ్ళలో నిలబడి, తన పని మీద తనే పళ్ళు కొరుకుతూ, చెయ్యి తిరిగిన ఏ వడ్రంగినీ తిట్టకూడని తిట్లు తిట్టాడు. అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. చివరికి గట్టు మీది బండరాయి దొర్లించుకొచ్చి నడిమి పలకల మీదికి తోసి, కింద ఒక దూలాన్ని గునపంతో ఎత్తిపట్టి సమ్మెట వేశాడు. అప్పుడు లోపలెక్కడో ఒక మూలుగు వినిపించింది. ఆవు మోకాళ్ళ మీద కూర్చున్నట్టు వంతెన ఒక పక్కకి మెల్లగా దిగింది.

పట్టుకర్ర ఇంకా నిలబడే ఉంది. ఆయన నీళ్ళలోంచి పైకి వచ్చి ఆ పల్లంలో తన చెయ్యి పెట్టాడు. ఆయన చెయ్యి పెద్దది. అందులో ఇమడలేదు. తీసేసి గొడ్డలి అందుకున్నాడు.

కాలువ కొన్ని పలకల్ని తీసుకుపోయింది. మిగిలినవి తుంగలో చిక్కుకున్నాయి.

కోడలు వచ్చేసరికి ఆయన అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె దడి అవతలికి చూసింది. ఆ చేతుల వంక చూసింది. లోపలికి వెళ్ళి పాత చీర అంచు చింపి తెచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక్కొక్క చేతికీ కట్టు కట్టింది. పిల్ల దడి పట్టుకుని కాలువకేసి నోరు తెరుచుకుని చూస్తోంది.

"తాతా, వంతెనేదీ?"

"పుచ్చింది. కూలింది."

కోడలు ముడి వేస్తూ తలెత్తలేదు. "రేపు ఆఫీసుకి ఫోన్ చేస్తాను, మళ్ళీ కొలవమని," అంది. కాసేపాగి, "షెడ్డులో వారం ఆగి చెబుతామన్నాను," అంది.

మంగళవారం అతను మళ్ళీ వచ్చాడు. అదే చక్రం. పాలాయన కూడా గట్టు మీదే ఉన్నాడు. లాకుల చుట్టూ తిరిగి రావాల్సొచ్చి, పాలు విరిగాయని పొద్దున్నుంచీ మండిపడుతున్నాడు.

"చూడండి సారూ, చూడండి. మనిషి నడుస్తుండగా కూలి ఉంటే ఏం గతి? నేను శనివారమే దాటాను దాని మీద, రెండు క్యాన్లతో!"

అతను గట్టు అంచున దిగబడి మిగిలిన దూలం మొండెం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. విరిగిన చోట కర్ర ఎర్రగా, దగ్గరి పోగుతో, రాయిలా ఉంది. బొటనవేలితో రుద్దాడు. పొడి రాలలేదు. వేలు వాసన చూసుకున్నాడు. తరవాత తల తిప్పి వడ్రంగి చేతుల కట్లు చూశాడు. చాలాసేపు చూశాడు.

"మొన్న ఏనుగు అన్నారు."

వడ్రంగి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎలా పడింది?"

"పుచ్చి."

"కర్ర పుచ్చిందా?"

"ఊఁ."

అతను లేచి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "కర్ర పుచ్చిందని రాస్తే, కర్ర మార్చి బాగుచేయమంటారు పైవాళ్ళు. బాగుచేసేదాకా పాపని రోడ్డున నడిపించండి అంటారు. వేసిన పనే చెడ్డదైతే వేరు. అప్పుడు అది ఎప్పుడూ దారి కింద లెక్క కాదు." ఆగాడు. "మీ నోటితో చెబితేనే నేను రాసుకోగలను పెద్దాయనా."

పాలాయన బీడీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. దడి దగ్గర పిల్ల ఉంది. తుంగలో ఒక పలక నీటి వాలుకి అటూ ఇటూ కొట్టుకుంటోంది.

"పనే చెడ్డది," అన్నాడు వడ్రంగి.

"ఎప్పటి నుంచి?"

"మొదట్నుంచీ."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అన్నాడు పాలాయన.

అతను రాసుకున్నాడు. జేబులో కలం పెట్టుకుంటూ, అటు చూడకుండానే, బూటుతో గట్టు బురద లాగి దూలం మొండెం మీదికి తోశాడు. విరిగిన చోటి ఎరుపు కనబడకుండా పోయింది. చక్రం అంకెలు సున్నాకి తిప్పుకుని గడప దగ్గరికి వెళ్ళి, ఈసారి ఏమీ అడగకుండా రోడ్డు దారి పట్టాడు.

అతను చేసింది వడ్రంగి చూశాడు. కృతజ్ఞత ఏమీ కలగలేదు. మొదటి రోజే కాస్త పక్కకి చూసి ఉంటే ఆ మొండెం ఇవాళ వంతెన కింద ఉండేది. ఆ మనిషి మళ్ళీ ఎప్పుడు ఆ దారిన బండి మీద వెళుతూ చెయ్యెత్తినా వడ్రంగి తల ఎత్తలేదు.

శుక్రవారం బస్సు గతుకు దగ్గర నెమ్మదించి, ఆగింది. తలుపు తెరుచుకుంది. "రండి మేడంగారూ, మీ కోసమే లేటయ్యాం," అన్నాడు డ్రైవరు. పిల్ల మెట్టు మీద ఒక్క క్షణం నిలబడింది, ఆ మెట్టు ఎంత ఎత్తుందో ఇన్నాళ్ళూ తెలియనట్టు. తరవాత లోపలికి పరిగెత్తింది. వడ్రంగి కట్టు కట్టిన చెయ్యి సగం ఎత్తాడు. ఆమె అప్పటికే స్నేహితురాలి వైపు తిరిగి మాటల్లో పడింది. బస్సు కదిలింది. కోడలు గడపలోనే నిలబడి, బస్సు మలుపు తిరిగాక కూడా కాసేపు అటే చూసి, ఆ పూట షెడ్డుకి ఆలస్యంగా వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే తలుపు చేయమన్న మనిషి వచ్చాడు. సగం అయిన చెక్కని వేళ్ళతో తట్టాడు. గుమ్మం పని మాత్రం వేరేవాళ్ళకి ఇచ్చానన్నాడు. ఏమీ అనుకోవద్దన్నాడు. "వయసు మీద పడ్డాక ఎవరికైనా చేవ తగ్గుతుంది మేస్త్రీ, దానికేముంది."

"తలుపు తీసుకెళ్తావా, అదీ వద్దా?"

"తలుపు కానియ్యండి."

వడ్రంగి తలుపు కానిచ్చాడు. ఎప్పటికంటే జాగ్రత్తగా చేశాడు. అతుకులో వెంట్రుక దూరదు. అది ఎవరూ చూడరని తెలుసు.

బడి వదిలే వేళకి బల్ల దగ్గరే ఉన్నాడు. కళ్ళు కాలువ మీదికి పోయాయి. అవతలి గట్టు, ఇవతలి గట్టు, మధ్యన నీళ్ళు. చూపు ఆగడానికి అక్కడ ఏమీ లేదు. అయినా ఆ వేళ దాటేదాకా చూశాడు. వెనక రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడు ఆయన వినలేదు.

"తాతా! ఇటు! నేను ఇటు నుంచి వస్తాను ఇకమీద."

పిల్ల ముందు గదిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. కిటికీ పక్క సీటు, డ్రైవరు పాడే పాటలు, లాకుల దగ్గర బస్సు ఒరిగితే అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడడం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పింది. ఆయన వింటూ చెక్కపొట్టు ఊడ్చాడు. చెప్పి చెప్పి ఆమె బల్ల అంచు పట్టుకుని నెమ్మదించింది.

"తాతా, ఒకటి అడగనా? బస్సులో అందరూ అంటున్నారు. పాలాయన చెప్పాడట. ఆ వంతెన మొదట్నుంచీ చెడ్డదేనని, నానమ్మ రోజూ భయపడుతూనే దాటేదని. అందుకే నడిమికి వచ్చి ఆగిపోయి, కర్ర పట్టుకుని నిన్ను కేకేసేదట. నిజమేనా?"

చీపురు ఆగింది.

కాదని ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాట రేపు పొద్దున ఆమెతో పాటే బస్సెక్కుతుంది. సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. ఆ మరునాడు ఆఫీసుకి చేరుతుంది. పిల్ల తలెత్తి ఆయన నోటి వంకే చూస్తోంది. ఆమె భుజం మీద బస్సు కిటికీ దుమ్ము అంటుకుని ఉంది. ఆయన కట్టు ఉన్న చేత్తోనే దాన్ని దులిపాడు.

"ఆ వంతెన మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."

"ఎందుకు తాతా?"

"ఎత్తకన్నాను."

పిల్ల ఎత్తలేదు. కోడలు ఎన్నడూ ఎత్తలేదు. కొడుకు లారీ దిగి వచ్చి, పెరట్లో నిలబడి, ఏమైంది నాన్నా, అమ్మ నడిచిన వంతెన అంత తేలిగ్గా ఎలా పోయిందని అడిగాడు. వడ్రంగి వాడి వంక చూసి, గిన్నెలో చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇక చెప్పడు.